ఫోన్ ఆటలో మూఢనమ్మకం ఎక్కడుంది?

2024 నవంబరు. ఢిల్లీ చుట్టుపక్కలంతా పొగ కమ్మేసింది. మూడో వారంలో బళ్ళు మూసేసి పాఠాలు ఫోన్లోకి మార్చారు. పార్కులో ఆడుకోటానికి వీల్లేదు, కిటికీ తీయటానికి వీల్లేదు. పదకొండేళ్ళ మా మనవడు పొద్దున్న పాఠం కోసం ఫోన్ తీసుకుంటే రాత్రి అన్నానికి గానీ దించటం లేదు. మా అమ్మాయి ఇల్లు వసుంధరలో మాకు రెండు వీధుల అవతల. ఒక ఆదివారం వచ్చి, "నాన్నా, వీడు ఆడే ఆట ఒకసారి చూసి చెప్పు. ఆడనివ్వచ్చా, కూడదా? అన్నీ మంత్రాలూ మాయలూ. మీ హేతువాదులు ఏమంటారో మరి" అంది.

ఆ ఆట పేరు ఇక్కడ చెప్పను. ఇలాంటివి వందలున్నాయి, అన్నీ ఒకే అచ్చులో పోసినవి. దించుకోటానికి పైసా కట్టక్కర్లేదు. ఒక కోట, నాలుగు రాజ్యాలు, మంత్రగాళ్ళు, రెక్కల పాములు, నడిచే ఎముకల గూళ్ళు. సైన్యాన్ని పెంచుకుంటూ పక్కవాడి కోట పడగొట్టాలి. స్టోర్‌లో 7+ అని రాసుంది.

మా సంఘంలో ఒక పెద్దాయనకి ఫోన్ చేశాను. "దయ్యాల్లేవు భూతాల్లేవు అని పిల్లల్ని పెంచి, ఇప్పుడు ఫోన్లో మంత్రగాళ్ళని చూపిస్తారా? తీసిపారెయ్యండి" అన్నారు. ఆయన మీద గౌరవం ఉంది గానీ ఆ మాట నాకు మింగుడుపడలేదు. మన సంగతేమిటి? 1947లో మొదలైన చందమామ చదివే కదా మనలో సగంమంది పెరిగాం. భేతాళుడు శవంలో దూరి కథ చెప్తుంటే నోరు తెరుచుకుని విన్నాం. 1951లో వచ్చిన పాతాళభైరవిని నేను చాలా ఏళ్ళ తరవాత టూరింగ్ టాకీసులో నేలమీద కూచుని చూశాను. ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుణ్ణి చూసి హడలిపోయాను. అయినా పెద్దయ్యాక ఏ మాంత్రికుడికీ దక్షిణ ఇవ్వలేదు. కథ తాను కథనని చెప్పే మొదలవుతుంది. గారడీవాడు అంతే, ఇది గారడీ అని చెప్పి మరీ టోపీలోంచి పావురాన్ని తీస్తాడు. మన పేచీ చేతిలోంచి విభూతి తీసి అది మహిమ అనేవాళ్ళతో.

అయినా పరీక్షించకుండా తీర్పు చెప్పకూడదు. మనవణ్ణి అడిగాను, "ఒరే, ఈ రెక్కల పాములు నిజంగా ఎక్కడైనా ఉన్నాయంటావా?" వాడు నావైపు జాలిగా చూశాడు. "తాతయ్యా, అది గేమ్" అన్నాడు. ఆ పద్దు అక్కడితో మూసేశాను.

హింస సంగతీ చూశాను. నెత్తురు లేదు. ఓడిన సైనికుడు పొగై మాయమౌతాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు మాట్లాడే అవకాశం ఉంది. అది సెట్టింగ్స్‌లో ఆపెయ్యచ్చు, ఆపించాను. ఇక ఇబ్బంది ఏమీ లేదని మా అమ్మాయికి చెప్పబోయాను.

ఆ సాయంత్రమే వాడి పక్కన కూచుని ఆట చూస్తున్నాను. ఒక పెట్టె వచ్చింది. ఇనపపట్టీల పాతకాలం భోషాణం లాంటిది, లోపల ఏముందో కనపడదు. "తెరవరా" అన్నాను. "ఆగు తాతయ్యా, ఎనిమిదీ ఎనిమిదికి తెరవాలి" అన్నాడు. ఇంకా నాలుగు నిమిషాలుంది. వాడు ఫోన్ని బోర్లా పెట్టాడు. సమయం కాగానే తిప్పి, ఎడమచేతి బొటనవేలితో మూడుసార్లు పెట్టె మూలన తట్టి అప్పుడు తెరిచాడు.

"ఇదేమిట్రా?" అన్నాను.

"ఇలా చేస్తే లెజెండరీ వస్తుంది. వీడియోలో ఒకతనికి వచ్చింది. మా క్లాసులో ఒకడు స్నానం చేశాక తెరుస్తాడు. ఇంకొకడు చెల్లెలి చేత తెరిపిస్తాడు, దాని చెయ్యి లక్కీ అట."

నాకు చిన్న షాకే తగిలింది. మా ఇంట్లో వర్జ్యం, రాహుకాలం అనే మాటలు వినపడవు. మా అమ్మాయి పెళ్ళి ముహూర్తం చూడకుండా రిజిస్ట్రార్ ఆఫీసులో జరిగింది. ఆ అమ్మాయి కొడుకు ఒక బొమ్మ పెట్టెకి ముహూర్తం పెడుతున్నాడు! రెక్కల పాముని నమ్మనివాడు ఎనిమిదీ ఎనిమిదిని నమ్ముతున్నాడు.

బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1948లో ఒక చిన్న వ్యాసం రాశాడు, పావురాల మూఢనమ్మకం గురించి. ఆకలితో ఉన్న పావురాల్ని ఒక్కొక్కదాన్నీ ఒక్కో పెట్టెలో పెట్టి, అవి ఏం చేసినా చెయ్యకపోయినా ఇంత వ్యవధికోసారి గింజలు పడేట్టు ఏర్పాటు చేశాడు. కొన్నాళ్ళకి ఒక పావురం గింజలు పడే ముందు గిరగిరా తిరగటం మొదలెట్టింది. ఇంకొకటి పెట్టె పైమూలకి తల పొడుస్తోంది. గింజలు పడినప్పుడు కాకతాళీయంగా ఏం చేస్తోందో దానివల్లే పడ్డాయన్నట్టు మళ్ళీ మళ్ళీ అదే చేస్తోంది. యజ్ఞం చేస్తే వానొచ్చిందనే వాదం గురించి మాట్లాడేటప్పుడు మనం చెప్పుకునే ఉదాహరణ ఇది. మా మనవడి బొటనవేలు చూసినప్పుడు నాకు ఆ పావురాలే గుర్తొచ్చాయి.

ఆ తరవాత స్కిన్నరూ ఫెర్‌స్టరూ కలిసి 1957లో అచ్చువేసిన పెద్ద పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. పావురం ముక్కుతో ఒక బిళ్ళని పొడిచిన ప్రతిసారీ గింజ వస్తుంటే, గింజలు ఆపెయ్యగానే అదీ త్వరగానే పొడవటం మానేస్తుంది. ఎన్ని పోట్లకి ఒకసారి వస్తుందో తెలియకుండా ఇస్తే మాత్రం అలుపులేకుండా పొడుస్తూనే ఉంటుంది, ఆపేసినా చాలాసేపు మానదు. జూదం యంత్రాలు పనిచేసేది ఈ సూత్రం మీదే. ఆటలో పెట్టె పనిచేసేదీ అలాగే.

ముప్ఫై ఏళ్ళకి పైగా రక్షణశాఖ లెక్కలు చూసినవాణ్ణి, వోచరు చూడకుండా బిల్లు పాస్ చెయ్యలేను. ఆ ఆట నా ఫోన్లోనూ దించుకున్నాను. 30 రోజులు ఆడాలని, రోజూ ఎంతసేపు ఆడానో, ఎన్నిసార్లు తెరిచానో, ఎంత ఖర్చయిందో ఒక పుస్తకంలో రాయాలని పెట్టుకున్నాను.

మొదటి వారంలోనే లెక్క చిక్కుముడి పడింది. ఆటలో రెండు రకాల నాణేలు. బంగారం ఆడితే వస్తుంది. రత్నాలు బొట్లు బొట్లుగా వస్తాయి, ఎక్కువ కావాలంటే కొనాలి. పెద్దపెట్టె తెరవటానికి 150 రత్నాలు కావాలి. అంగట్లో రత్నాల సంచులు ఇలా ఉన్నాయి: 89 రూపాయలకి 80, 449కి 500, 899కి 1,100. చిన్నసంచి కొంటే ఒక్క పెట్టె కూడా రాదు. మధ్యది కొంటే మూడు పెట్టెలు తెరిచాక 50 మిగులుతాయి. పెద్దది కొంటే ఏడు పెట్టెలు తెరిచాక మళ్ళీ 50 మిగులుతాయి. ఏ సంచీ పెట్టెలకి సరిపడా ఉండదు. మిగిలిన 50 పారెయ్య బుద్ధి కాదు, ఇంకో సంచి కొంటే గానీ వాటికి విలువ రాదు. ఒక పెట్టె తెరవటానికి ఎన్ని రూపాయలు అన్న ప్రశ్నకి ఆ తెరమీద ఎక్కడా జవాబు లేదు. ఇలాంటి లెక్క ఏ యూనిట్ నుంచైనా వచ్చి ఉంటే ఆడిట్ అభ్యంతరం రాసి వెనక్కి పంపేవాణ్ణి.

పంతొమ్మిదో రోజున నా దగ్గర 70 రత్నాలు పోగయ్యాయి. ఇంకో 80 ఉంటే పెట్టె. 80 రత్నాల సంచి 89 రూపాయలు. దాని కింద గంటన్నర మాత్రమే అని గడియారం వెనక్కి తిరుగుతోంది. కొనేశాను. పరిశోధన కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను గానీ పుస్తకంలో పరిశోధన అని రాయటానికి చెయ్యి రాలేదు. పెట్టెలో మామూలు సైనికులే వచ్చారు.

అంతకంటే సిగ్గుపడాల్సింది మా ఆవిడ పట్టుకుంది. "ఏమండీ, ఈ మధ్య టీ తాగాక గానీ ఆ పెట్టె తెరవటం లేదు మీరు. రాహుకాలం ఏమన్నా చూస్తున్నారా?" అంది. నిజమే. మొదటివారంలో ఒకసారి టీ తాగి తెరిస్తే మంచి మంత్రగాడు వచ్చాడు. ఆ తరవాత నాకు తెలియకుండానే టీ కోసం ఆగుతున్నాను. పావురాల వ్యాసం చదివిన మనిషిని, సభల్లో ఉపన్యాసాలిచ్చినవాణ్ణి.

30 రోజుల లెక్క ఇది. సమయం 27 గంటల 40 నిమిషాలు, అంటే రోజుకి 55 నిమిషాలు. ఆట తెరిచినవి 143 సార్లు. డబ్బు 89 రూపాయలు. రెండుసార్లు తెల్లవారుజామున అయిదింటికి లేచి పెట్టె చూసుకున్నాను.

నా పుస్తకం పూర్తయ్యేసరికి అసలు వోచర్లు బయటపడ్డాయి. మా అమ్మాయి తన ఖాతా స్టేట్‌మెంట్ చూసుకుంటుంటే చిన్న చిన్న మొత్తాలు కనిపించాయి. 89 చొప్పున ఆరు, 449 చొప్పున మూడు, వెరసి 1,881 రూపాయలు. తల్లి పిన్ వాడికి తెలుసు. డబ్బు పోయిందని కాదు గానీ, ఎన్నడూ అబద్ధం చెప్పని పిల్లవాడు మూడు వారాలు దాచాడు. అది మా అమ్మాయికి తగిలింది. వాడు ఏడ్చాడు. ఎందుకు కొన్నావని నేను మెల్లగా అడిగితే, "పెట్టెలో లెజెండరీ ఒక శాతం అని రాసుంది తాతయ్యా. నేను ఫ్రీగా వచ్చినవి, కొన్నవి కలిపి చాలా తెరిచేశాను. వంద అయ్యేసరికి వచ్చెయ్యాలి కదా. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని..." అన్నాడు.

మా అమ్మాయి అప్పటికప్పుడు ఆట తీసేస్తానంది. వాడు డబ్బు గురించి ఏడ్చినదానికంటే దీనికే ఎక్కువ ఏడ్చాడు. వాడి ప్రాణస్నేహితుడి కుటుంబం ఆ ఏడే హైదరాబాదుకి మారిపోయింది. ఇద్దరూ ఒకే దళంలో ఆడతారు, సాయంత్రం అరగంట కోట కాపలా కాస్తూ కబుర్లు చెప్పుకుంటారు. వాళ్ళ స్నేహం ఇప్పుడుండేది అక్కడే. అది తీసేసే హక్కు మనకుంది, కానీ ఏం తీసేస్తున్నామో తెలిసి తీసెయ్యాలి. నాలుగు వారాలు గడువడిగాను.

ముందు ఒక శాతం సంగతి తేల్చాలి. 100 కాబూలీ శనగలు లెక్కపెట్టి డబ్బాలో పోశాం. ఒకదానికి స్కెచ్‌పెన్‌తో చుక్క పెట్టాం. కళ్ళు మూసుకుని ఒకటి తీసి, చూసి, మళ్ళీ డబ్బాలో వేసి కలపాలి. వంద సార్లు తీశాడు. చుక్క గింజ రాలేదు. "తప్పు లెక్కపెట్టావు" అన్నాడు. డబ్బా గుమ్మరించి వాడిచేతే లెక్కపెట్టించాను, సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ వందసార్లు తీశాడు. ఈసారి రెండుసార్లు వచ్చింది. అప్పుడు కాయితం మీద లెక్క చూపించాను. ఒకసారి రాకపోయే అవకాశం నూటికి 99. వందసార్లూ రాకపోయే అవకాశం 0.99ని వందసార్లు హెచ్చవేస్తే వస్తుంది, సుమారు 37 శాతం. వందేసి పెట్టెలు తెరిచిన పిల్లలు వందమంది ఉంటే అందులో 37 మంది ఉత్తచేతులతో మిగులుతారు. 95 శాతం భరోసా కావాలంటే 299 పెట్టెలు తెరవాలి. పెద్దసంచుల ధరలో అది 36,859 రూపాయలు. ఆ అంకె చూసి వాడు చాలాసేపు మాట్లాడలేదు.

గింజలకి జ్ఞాపకం ఉండదు, ఇంతకుముందు ఎన్నిసార్లు రాలేదో వాటికి తెలియదు. ఇక్కడ ఒక్క మాట ఒప్పుకోవాలి. కొన్ని ఆటల్లో ఇన్ని పెట్టెల తరవాత తప్పక ఇస్తాం అనే హామీ ఉంటుంది. 2020లో వచ్చిన గెన్‌షిన్ ఇంపాక్ట్‌లో అయిదు నక్షత్రాల పాత్ర వచ్చే అవకాశం 0.6 శాతం అని వాళ్ళే ప్రకటించారు, 90వ సారికి తప్పక వస్తుంది. అలాంటి చోట దగ్గర పడిందన్న లెక్క తప్పు కాదు. మధ్యలో మానెయ్యనివ్వని గాలం కూడా అదే. మా వాడి ఆటలో ఆ హామీ లేదు. ఉందని వాడు ఊహించుకున్నాడు.

తరవాత ముహూర్తం పరీక్ష. ఆటలో ఉచితంగా రోజుకి నాలుగు చిన్నపెట్టెలు వస్తాయి, వెండి కార్డు వచ్చే అవకాశం 20 శాతమని రాసుంటుంది. రెండు పెట్టెలు పొద్దునా సాయంత్రం ఎనిమిదీ ఎనిమిదికి మూడు తట్లతో, రెండు ఎప్పుడు పడితే అప్పుడు. 20 రోజులు రాశాడు. ముహూర్తంతో 40కి 7. ముహూర్తం లేకుండా 40కి 9. నేను గెలిచాననుకున్నాను. వాడు పుస్తకం చూసి తల గోక్కుని, "అయితే ఎనిమిదీ ఎనిమిది కాదు తాతయ్యా. తొమ్మిదీ తొమ్మిది అయ్యుంటుంది" అన్నాడు.

నవ్వొచ్చింది, భయమూ వేసింది. జాతకం తప్పితే జ్యోతిష్కుణ్ణి మార్చేవాళ్ళని ఎంతమందిని చూశాం! "మరి వీడియోలో అతనికి వచ్చిందిగా?" అని మళ్ళీ అడిగాడు. రానివాళ్ళు వీడియో పెడతారా అన్నాను. మొక్కు తీరినవాడే కొండెక్కి గుండు కొట్టించుకుంటాడు, తీరనివాడు ఇంట్లోనే ఉంటాడు. మనకి కనపడేవి గుండ్లే. ఇది మాత్రం వాడికి వెంటనే ఎక్కింది.

నా చిన్నప్పుడు మా ఊరి బడి ముందు చిల్లరకొట్లో ఒక అట్ట వేలాడేది. దానినిండా మడిచి అంటించిన చీటీలు. అయిదు పైసలిస్తే ఒక చీటీ చింపుకోవచ్చు. పైన పెద్ద బహుమతిగా ఒక బ్యాటరీ లైటు కట్టి ఉండేది. ఆ లైటు చీటీని కొట్టతను విడిగా దాచుకుని, అట్ట అయిపోవచ్చాక అంటిస్తాడని మాకు తరవాత తెలిసింది. అదీ ఇదీ ఒకటేగా అంటారేమో. ఆ అట్టకి వంద చీటీలుండేవి, అవి అయిపోతే ఆట అయిపోయేది. బడి నుంచి ఇంటికొస్తే అట్ట వెంట వచ్చేది కాదు. తెల్లవారుజామున అయిదింటికి నిద్రలేపేదీ కాదు.

ఇతర దేశాలు ఈ పెట్టెల్ని ఎప్పుడో పట్టించుకున్నాయి. ఒక వరుస బొమ్మలన్నీ పోగుచేస్తే పెద్ద బహుమతి అనే రకాన్ని జపాన్ 2012లో కుదరదంది. ఏ వస్తువు ఎంత శాతమో ప్రకటించాలని చైనా 2017 నుంచి తప్పనిసరి చేసింది. కొన్ని ఆటల్లో డబ్బుతో కొనే పెట్టెలు జూదమేనని బెల్జియం జూద కమిషన్ 2018లో తేల్చింది. డబ్బుతో కొనే పెట్టెలున్న కొత్త ఆటలకి 15 ఏళ్ళలోపు వారికి సిఫారసు చెయ్యం అనే గుర్తు తగ్గకుండా ఇవ్వాలని ఆస్ట్రేలియా 2024 సెప్టెంబరులో నియమం పెట్టింది. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, పైన చెప్పిన గెన్‌షిన్ ఇంపాక్ట్ సంస్థ మీద అభియోగాలు మోపింది. అరుదైన బహుమతికి నిజంగా అయ్యే ఖర్చు గురించి పిల్లల్ని తప్పుదోవ పట్టించారని, ఒక నాణెంలోంచి ఇంకో నాణెంలోకి మార్చే పద్ధతి ఆ ఖర్చుని మరుగు పరుస్తోందని. సంస్థ 2 కోట్ల డాలర్లు కట్టటానికి, 16 ఏళ్ళలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి లేకుండా పెట్టెలు అమ్మకుండా ఉండటానికి ఒప్పుకుంది. సంచుల లెక్క చూసి నేను రాసుకున్న అభ్యంతరం అదే. కనక నా అనుమానం ముసలాడి చాదస్తం కాదని ధైర్యం వచ్చింది.

మన దేశంలో 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకంతో ఆన్‌లైన్ ఆటల చట్టం వచ్చింది. డబ్బు వస్తుందన్న ఆశతో డబ్బు కట్టి ఆడే ఆటలన్నిటినీ, నైపుణ్యమైనా అదృష్టమైనా, అది నిషేధించింది. మంచిదే. కానీ మా వాడికి వచ్చేది డబ్బు కాదు, బొమ్మ. ఆ బొమ్మల పెట్టె గురించి చట్టంలో విడిగా ఒక్క మాట లేదు. ఇక బీకాంలో చదువుకున్న 1872 కాంట్రాక్టు చట్టం ఉండనే ఉంది. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. కాబట్టి పదకొండేళ్ళవాడు నొక్కిన "అంగీకరిస్తున్నాను"కి విలువ లేదు. అయితే ఖాతా తల్లిది, పిన్ తల్లిది. అక్కడ మొహరీ బీబీ మనకి అడ్డుపడదు.

స్టోర్‌లో 7+ అన్న గుర్తు సంగతి కూడా విచారించాను. ఆట చేసినవాళ్ళు నింపిన ప్రశ్నావళిని బట్టి వచ్చే గుర్తు అది. సెల్ఫ్ సర్టిఫికేషన్ అన్నమాట. ఈ ఆట విషయంలో ఆ అంకె నెత్తురు లేదని చెప్తోంది. పెట్టెల సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంది.

చివరికి మా అమ్మాయికి నేనిచ్చిన నివేదిక ఇది. మంత్రగాళ్ళ గురించి బెంగ వద్దు. ఏడేళ్ళ పిల్లలకి ఈ ఆట పనికిరాదు, శాతం అంటే ఏమిటో తెలియనివాడి చేతిలో ఒక శాతం పెట్టె పెట్టకూడదు. మనవాణ్ణి ఆడనివ్వు, కానీ పిన్ మార్చు, కొనటం పూర్తిగా మూసెయ్యి, రోజుకి అరగంట, అదీ స్నేహితుడు వచ్చే వేళకి. తెరిచిన ప్రతి పెట్టె పుస్తకంలో రాయాలి. 1,881 రూపాయలు వాడి పాకెట్ మనీలోంచి నెలకి 150 చొప్పున తీర్చాలి. దాచినందుకు వేరే శిక్ష వద్దు, లెక్క తేలింది కాబట్టి.

మా అమ్మాయి ఒప్పుకుంది. పదమూడో నెలకి బాకీ తీరింది. పుస్తకం కొన్నాళ్ళు రాసి వాడే మానేశాడు, పెట్టెలు తెరవటం కూడా తగ్గింది. హైదరాబాదు స్నేహితుడితో కోట కాపలా మాత్రం సాగుతోంది. మొన్న పక్కన కూచుని చూస్తుంటే, తెరిచేముందు ఒకసారి బొటనవేలితో మూలన తట్టాడు. నేను చూశానని గమనించి, "ఊరికే తాతయ్యా" అన్నాడు.

నా ఫోన్లోంచి ఆ ఆట 31వ రోజునే తీసేశాను. టీ తాగాక చెయ్యి ఫోన్ కోసం వెతకటం మానటానికి ఇంకో నెల పట్టింది.